మెరుపుపిల్ల ఎందుకు మాట్లాడలేదు

ప్రియమైన బావగారికి,

మన వీరుల దళం బొమ్మల కథలు, మొదటి పన్నెండు సంచికలు, మళ్లీ ఒక్క పుస్తకంగా వేస్తారట. ఎవరు ఏ పని చేశారో రాసి ఇద్దరమూ సంతకం పెట్టాలని ప్రచురణకర్త కాగితం పంపాడు. అందుకని వారంగా ఆ పన్నెండూ ముందేసుకుని చదువుతున్నాను. అబద్ధమెందుకు, చదవడం లేదు. నా బొమ్మల పక్కన మీ మాటలు ఎక్కడెక్కడ తేలిపోయాయో వెతుకుతున్నాను.

నిన్న పత్రికలో మీ ఇంటర్వ్యూ చూశాను. "మెరుపుపిల్ల ఒక్క మాటా మాట్లాడకపోవడం నా ఆలోచనే" అన్నారు. కడుపు మండిపోయింది. దళంలో ఆరుగురుంటే జనం ప్రాణం పెట్టింది ఆమె మీదే కదా! నాలుగో సంచికలో, దళాన్ని పట్టించబోయిన సొంత అన్న ఎదుట వానలో నిలబడి, పెదవి కదపకుండా చెయ్యెత్తుతుంది. ఆ పేజీ నాది, ఆ మౌనం నాది, ఆ వాన నాది. మిగతా అయిదుగురూ గాల్లో ఎగురుతూ కూడా ఉపన్యాసాలు దంచుతారే, అవి మీవి. నిక్షేపంగా ఉంచుకోండి.

నలభై ఏళ్లుగా సభల్లో మీకు మైకు, నాకు మీ పక్క కుర్చీ. చప్పట్లు కొడుతూ లోపల కుళ్లిపోయేవాణ్ని. అక్క మొహం చూసి ఇన్నాళ్లూ మింగాను. మెరుపుపిల్ల నాది అని మీరు రాసివ్వకపోతే నేను సంతకం పెట్టను, పుస్తకం రాదు. మీ గడపా తొక్కను.

ఇట్లు,
మీ బావమరిది

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ చదివి, నా చేతిలో పెట్టి, ముసుగుతన్ని పడుకున్నారు. బావ కాస్తా "బావగారు" అయ్యాడంటేనే నీ కోపం ఎక్కడిదాకా ఎక్కిందో తెలిసిపోయింది.

మనం పనిచేసిన తీరు ఒకసారి గుర్తు తెచ్చుకో. నువ్వు బొమ్మలు గీసి, మాటల కోసం బుడగలు వదిలి పంపేవాడివి. ఆయన మాటలు వేరే కాగితం మీద రాసిచ్చేవారు. వాటిని గుండ్రంగా బుడగల్లో రాసి అచ్చుకు పంపేది నేను. ఆ తర్వాత అచ్చులో వచ్చేదాకా మీరిద్దరూ ఆ పేజీ వంక చూసేవాళ్లే కాదు.

అసలు పేజీలన్నీ నీ బీరువాలోనే మూలుగుతున్నాయిగా. ఆ వాన పేజీ తీసి, మెరుపుపిల్ల తల పక్కన వేలితో తడిమి చూడు. సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నీ అక్క

*

అక్కా,

తడిమాను. అతుకు తగిలింది. బ్లేడుతో మెల్లగా లేపితే, కింద నేను గీసిన బుడగ, అందులో నీ గుండ్రటి అక్షరాల్లో బావ మాటలు: "అన్నా! ఇదిగో, నా మెరుపు దెబ్బ రుచి చూడు!" పైన నువ్వు అతికించిన తెల్లకాగితం మీద వాన గీతలు. ఆ గీతలు నావి కావు.

ఒక నిజం చెబుతాను. అప్పుడు అచ్చులో చూసి, మాటలు బావే తీసేశాడనుకున్నాను. పొగుడుతూ ఉత్తరాలు వచ్చేసరికి, నేనే బుడగ పెట్టలేదని చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది. బావ సంగతీ ఇంతే అయ్యుంటుంది.

పొద్దున ఫోన్లో ఎందుకలా చేశావని అడిగితే, "సొంత అన్న మీద చెయ్యెత్తే పిల్లకి మాటలెక్కణ్ణించి వస్తాయిరా?" అన్నావు. మరి ఇన్నేళ్లూ చెప్పలేదేమంటే, "ఎవరడిగారు?" అన్నావు. ఫోన్ పెట్టేశాక సిగ్గేసి అన్నీ మళ్లీ తిరగేశాను. ఆ పన్నెండు సంచికల్లో నీ పేరు ఒక్కచోటా లేదు.

కాగితం నింపి పంపుతున్నాను. మెరుపుపిల్ల మౌనం మా అక్కదని రాసి సంతకం పెట్టాను. ముసుగు తీసి బావనీ పెట్టమను. అట్ట మీద మూడు పేర్లుంటాయి, నీది ముందు.

బావ మీద మంట చల్లారింది. ఇప్పుడు నీ మీద మొదలైంది. భూతద్దం పెట్టి మరీ చూశాను, ఆ పేజీలో నా వాన కంటే నీ వానే బాగుంది. ఆదివారం వస్తున్నాను, ఎలా గీశావో చూపించు.

నీ తమ్ముడు