రాణిగారి విరిగిన కత్తి

ఆదివారం, రాత్రి

మా అబ్బాయి చిన్నా స్నేహితులు కిరణ్, స్వాతి సినిమా చూసి నేరుగా ఇంటికొచ్చారు. మావాడు ఎదురుచూసి ఎదురుచూసి, చూడకుండానే పోయిన సినిమా. మొదట వచ్చిన సినిమాకి ముందు జరిగిన కథంట. వాడు పోయాక వీళ్ళెప్పుడొచ్చినా గొంతు తగ్గించి మాట్లాడి, టీ తాగి వెళ్ళిపోతారు. ఇవాళ మాత్రం పెసరట్లు తింటూ పోట్లాడుకున్నారు.

"మొదటి సినిమాలో నదిలో దొరికిన రాణి కత్తి విరిగుంది కదా! ఇందులో విరక్కుండానే పారేసింది. తప్పే," అంది స్వాతి.

"రాయికి తగిలి విరిగుంటుందిలేవే."

"రాయికే విరిగే కత్తితో రాక్షసుణ్ణి ఎలా చంపిందిరా?"

"చిన్నాగాడుంటే..." అని కిరణ్ నాలుక్కరుచుకున్నాడు. ఇద్దరూ నా మొహం చూశారు. మళ్ళీ గొంతులు తగ్గిపోతాయని భయమేసింది నాకు.

"వాడైతే, తప్పు కాదు, తర్వాతి భాగంలో చెప్తారు అనేవాడు," అన్నాను.

"అదే ఆంటీ! డైరెక్టరు వాడి మేనమామైనట్టు! మొండి వెధవ!" అని స్వాతి పకపకా నవ్వింది.

వాడు పోయాక అందరూ బంగారంలాంటి పిల్లాడంటున్నారు. తడి తువ్వాలు మంచం మీద పారేసేవాడు, ఎన్నిసార్లు పిలిచినా అన్నానికి లేచేవాడు కాదు. మొండి వెధవ అన్నది ఈ పిల్లొక్కతే. ఆ మాటకి లోపల గదిలోంచి జవాబొస్తుందేమోనని అటు చూశాను.

వచ్చే ఆదివారం పాత సినిమా మళ్ళీ ఇక్కడే చూసి కత్తి సంగతి తేలుస్తారంట. దుర్గమ్మ తల్లీ, అది మాత్రం తేలనివ్వకు.