లేని మనిషికి మొదటి బహుమతి

కెటిల్‌ఫోర్డ్, ఇల్లినాయ్,
1998 మార్చి 23, సోమవారం.

పాఠశాలల సూపరింటెండెంట్ శ్రీయుత ఆల్డెన్ ప్రూయిట్ గారి సముఖమునకు, ఈ ఊరి వాల్నట్ వీధి నివాసి, విశ్రాంత ఉపసంపాదకురాలు బెర్నడెట్ టెష్ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: విద్యార్థులకును, వారి కుటుంబములకును “హోమ్‌లైట్” అను విజ్ఞానసర్వస్వం కంప్యూటరు డిస్కును ఎంపిక చేసిన నిర్ణయమును రద్దు చేయుట, సదరు డిస్కు కంపెనీ యజమాని రోలండ్ గెస్నర్‌ను బోర్డు బహిరంగ సభలో నిలబెట్టి అడుగుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది:

1. నేను షికాగోలో ఒక విజ్ఞానసర్వస్వం కార్యాలయమునందు ఇరవై ఏడు సంవత్సరములు పని చేసితిని. మొత్తం ఇరవై రెండు సంపుటాలు. నాలుగో అంతస్తులో పద్నాలుగు మంది ఆడవాళ్ళం, ప్రతి వాక్యాన్నీ సరిచూడటమే మా పని. ఒక నది పొడవు రాయాలంటే మూడు చోట్ల చూసేవాళ్ళం. మూడూ కలవకపోతే మళ్ళీ మొదటినుంచి. సదరు గెస్నర్ అప్పుడు మాకు డైరెక్టరు. 1995 అక్టోబరులో ఒక శుక్రవారం మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి ఆఫీసు మూసేస్తున్నామని చెప్పినాడు. నా దగ్గరికొచ్చి, “బెంగపెట్టుకోకమ్మా బెర్నీ. ఇకమీదట అన్నీ మిషనే చూసుకుంటుంది. దానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు,” అని నవ్వుతూ భుజం తట్టినాడు. తలా ఒక కాఫీ కప్పు చేతిలో పెట్టి పంపించినాడు. నాకు వచ్చిన కప్పుకు చెవి విరిగి ఉన్నది.

మా సంపుటాల హక్కులు బోస్టన్‌లో ఎవరో కొనుక్కున్నారు. గెస్నర్‌కు వాటి మీద వీసమెత్తు హక్కు లేదు. అయినను ఏడాది తిరగకుండానే ఆయన హోమ్‌లైట్ డిస్కు తీసుకొచ్చినాడు. “ప్రతి వాక్యం మా పండితులు కొత్తగా రాసినది” అని డబ్బా మీద అచ్చు వేయించినాడు. ఈ అర్జీలో కోపం కనబడుతున్నదని తమరు భావించినచో, సరిగానే భావించితిరి.

2. డిస్కును ఎంపిక చేసిన కమిటీ పనితీరును గురించి. జనవరిలో హైస్కూలు లైబ్రరీలో మూడు కంపెనీల డిస్కులు పెట్టి చూసినారు. ప్రజలు కూడా రావచ్చునన్నారు కనుక నేనూ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను. కమిటీలో ఐదుగురు. ఫుట్‌బాల్ కోచ్ డ్వయర్ గారు సింహం బొమ్మ నొక్కి నాలుగుసార్లు గర్జింపజేసినారు. వంటల టీచరు ఆస్ట్రాండర్ గారు అగ్నిపర్వతం వీడియో చూసి ముచ్చటపడినారు. “ఇది మా ఇంట్లో కంప్యూటర్లో కూడా ఆడుద్దా?” అని ఒకాయన అడిగితే, “ఇంటిల్లిపాదికీ సార్! తాత నుంచి మనవడి దాకా,” అన్నాడు గెస్నర్. ఆ మాటలోని నిజమెంతో మా పక్కింటి నోవాక్ గారింట్లో చూడవచ్చును. వాళ్ళ కంప్యూటరు నాలుగేళ్ళది. డిస్కు పెడితే సింహం నోరు తెరుస్తుంది, అలాగే ఉండిపోతుంది, కరెంటు తీసేస్తే తప్ప మూయదు.

ఎట్టి విజ్ఞానసర్వస్వమునైనను కొనబోయేముందు, మనకు క్షుణ్ణంగా తెలిసిన విషయం ఒకటి తీసి చూడవలెను. రైతు అయితే మొక్కజొన్న, నర్సు అయితే మశూచి. అక్కడ తప్పు లేకపోతే తెలియని విషయాల్లోనూ నమ్మవచ్చును. ఈ ముక్కే నేను లేచి చెప్పినాను. కమిటీ అధ్యక్షురాలు, “మీకు పాత పుస్తకాలంటే ఎంత ప్రేమో మాకు తెలుసు లెండి మిసెస్ టెష్, కూర్చోండి,” అన్నారు. అందరూ నవ్వినారు. గెస్నర్ అందరికన్నా ఎక్కువ నవ్వినాడు. ఆ పూటే ఐదు ఓట్లూ హోమ్‌లైట్‌కు పడినవి.

3. వాళ్ళు వెళ్ళిపోయినాక నేను ఆ మిషను ముందు కూర్చుని నాకు క్షుణ్ణంగా తెలిసిన విషయం ఒకటి తీసి చూసితిని. దానిని గురించి తమకు విశదముగా తెలుపుట అవసరము.

మా వృత్తిలో ఒక అలవాటు ఉన్నది. ఎవరైనా మా పుస్తకాన్ని కాపీ కొడితే పట్టుకోవడానికి, అక్కడక్కడా ఒక చిన్న అబద్ధపు వ్యాసం పెడతాం. లేని ఊరు, లేని పిట్ట, లేని మనిషి. దాన్ని మా ఆఫీసులో ఎలుకబోను అనేవాళ్ళం. కాపీ కొట్టేవాడికి నిజమేదో బోనేదో తెలియదు గనుక అదీ ఎత్తుకుపోతాడు. 1974లో చివరి సంపుటానికి ఒక బోను కావలసి వచ్చింది. అప్పటి ప్రధాన సంపాదకులు, కీర్తిశేషులు లిండ్‌క్విస్ట్ గారు నన్ను పిలిచి, “ఎవరికీ హాని చెయ్యని మనిషిని ఒకణ్ణి పుట్టించమ్మా,” అన్నారు. పుట్టించినాను. “వెండెల్‌బో, ఆటిస్ (1851–1911). విస్కాన్సిన్‌కు చెందిన తేనెటీగల పెంపకందారు. చలికాలంలో తేనెపెట్టెలకు ఉన్ని దుప్పట్లు కుట్టి కప్పే పద్ధతిని కనిపెట్టెను. ఇరుగుపొరుగువారి ఎగతాళిని లెక్కచేయలేదు.” నాలుగు వాక్యాలే. తేదీ వేసి నేను రాసిన ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నది. ఏ వ్యాసం బోనో లిండ్‌క్విస్ట్ గారికీ నాకూ తప్ప మరొకరికి తెలియదు. గెస్నర్ పుస్తకాలు అమ్మించేవాడే గాని, తెరిచి చదివిన పాపాన పోలేదు.

అయ్యా, నా వెండెల్‌బో ఆ డిస్కులో ఉన్నాడు. అక్షరం పొల్లుపోకుండా ఉన్నాడు. పైగా గడ్డం ఉన్న ఫోటో ఒకటి పెట్టినారు, ఎవరి తాతో పాపం. ఫోటో మీద నొక్కితే తేనెటీగల ఝుంకారం కూడా వినిపిస్తుంది! నేను పగలబడి నవ్వితే లైబ్రేరియన్ పరుగెత్తుకుంటూ వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది.

అప్పుడే, ఆ పూటే తమకు చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. కారణము వ్రాయుటకు సిగ్గుగా ఉన్నను వ్రాయుచున్నాను. గెస్నర్‌ను ఇంకా కొంచెం పైకి ఎక్కనిద్దాం, కొనుగోలు కాగితాల మీద సంతకాలు కానిద్దాం, పేపర్లో ఫోటో పడనిద్దాం, అప్పుడు కిందికి లాగుదాం అనుకున్నాను. రెండు నెలలు ఆ తీపి నోట్లో పెట్టుకుని తిరిగినాను. మూడేళ్ళలో నేను హాయిగా నిద్రపోయింది ఆ రెండు నెలలే.

4. ఈ నెల 21వ తేదీ శనివారం నాడు హైస్కూలు భోజనశాలలో జరిగిన జిల్లాస్థాయి చరిత్ర పోటీని (పిల్లలు చరిత్రలోని ఒకరి వేషం కట్టి మాట్లాడుదురు) గురించి. నా మనవరాలు, అనగా మా అమ్మాయి పాలా కూతురు, కొరీన్, పదమూడేళ్ళది, పోటీలో ఉన్నది. దేని మీద చేస్తున్నావే అంటే, “వచ్చి చూడు అమ్మమ్మా, నీకు నచ్చుద్ది,” అని నెల రోజులు ఊరించింది. కోడిగుడ్డు శాండ్‌విచ్ కొనుక్కుని మూడో వరుసలో కూర్చున్నాను. కొరీన్ ముఖానికి వల కట్టిన టోపీ పెట్టుకుని వేదిక మీదికి వచ్చింది. చేతిలో తానే కుట్టిన ఉన్ని దుప్పటి. “నా పేరు ఆటిస్ వెండెల్‌బో,” అన్నది.

శాండ్‌విచ్ గొంతులో అడ్డం పడింది.

పది నిమిషాలు మాట్లాడింది అయ్యా. నేను నాలుగు వాక్యాల్లో పుట్టించి వదిలేసిన మనిషికి అది ప్రాణం పోసింది. అందరూ నవ్వుతుంటే ఆయన ఒక్కడే మంచులో పెట్టెలకు దుప్పట్లు కప్పుతూ ఎలా తిరిగాడో చెప్తే, నా పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకున్నది. న్యాయనిర్ణేత, “బాగా సరిచూసుకున్నావా అమ్మా?” అని అడిగితే, “రెండు చోట్ల చూశానండి,” అన్నది ధీమాగా. మొదటి బహుమతి దానికే ఇచ్చినారు. మే నెలలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగే రాష్ట్ర పోటీకి వెళ్ళాలి.

మెడల్ వేసింది ఎవరనుకున్నారు? పోటీ ఖర్చులు పెట్టుకున్న దాత, సాక్షాత్తు రోలండ్ గెస్నర్! దాని మెడలో మెడల్ వేసి, మైకు తీసుకుని, నా వంక వేలు చూపించి, “చూశావామ్మా బెర్నీ! మా డిస్కే లేకపోతే ఇంత గొప్పాయన గురించి ఈ పిల్లకి ఎట్టా తెలిసేది?” అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు. కొరీన్ నా వంక చూసి చెయ్యి ఊపింది. నేనూ చప్పట్లు కొట్టితిని. అరచేతులు మండినవి, కడుపు అంతకన్నా మండినది.

5. ఈ సంగతి కొరీన్‌కు ఇంకా తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. ఇరవై ఏడేళ్ళు ఊరందరి తప్పులూ దిద్దినదాన్ని, ఒక్క పిల్లను కూర్చోబెట్టి నిజం చెప్పలేక రెండు రోజులుగా ఇల్లు ఊడ్చుకుంటున్నాను. కావున తమ కార్యాలయములో మెత్తగా మాట్లాడగల గుమాస్తా ఎవరైనా ఉన్నచో, వారి ద్వారా ఆ పిల్లకు తెలియజేయించవలసినదిగా ప్రత్యేకముగా కోరుచున్నాను.

కాగా తమరు దయయుంచి:

(అ) హోమ్‌లైట్ డిస్కు కొనుగోలును తక్షణం రద్దు చేయవలెను. కుటుంబాలకు ఇప్పటికే పంచిన డిస్కులను వెనక్కు తీసుకొనవలెను.

(ఆ) గెస్నర్‌ను బోర్డు సభకు పిలిపించి, ఆటిస్ వెండెల్‌బో జీవితం చెప్పమని, ఏ పండితుడు కొత్తగా రాసినాడో పేరు చెప్పమని అడుగవలెను. ఆయన చెప్పడం పూర్తయిన తర్వాతనే, అంతకుముందు కాదు, నా చేతిరాతతో 1974 తేదీ వేసి ఉన్న అసలు కార్డును సభలో చదువవలెను.

(ఇ) ఆ సమయమున ఆయన మొహం స్పష్టముగా కనబడునట్లు నాకు ముందు వరుసలో ఒక కుర్చీ ఇప్పించవలెను.

ఒక పాత ఉద్యోగిని మూడేళ్ళుగా దాచుకున్న మంటను కాగితం మీద పెట్టినానని మన్నించి, తప్పక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
బెర్నడెట్ టెష్

తా.క. మంగళవారం. కవరు అంటించలేదు. బట్టలు ఉతకడానికి నేను కిందికి వెళ్ళిన సమయంలో కొరీన్ బడి నుంచి వచ్చి, వంటింటి బల్ల మీదున్న ఈ అర్జీ చదివేసింది. నేను పైకి వచ్చేసరికి కోటు కూడా విప్పకుండా నిలబడి ఉన్నది.

“ఈయన లేడా?”

“లేడే తల్లీ.”

“అసలు పుట్టనే లేదా?”

“నేనే పుట్టించా. దొంగని పట్టుకోడానికి.”

“జనవరి నుంచీ తెలిసి ఊరుకున్నావా?”

“నువ్వు ఆయన మీదే చేస్తావని నాకేం తెలుసు?”

“అడిగావా? ఆ గెస్నర్ మీద కక్షలో పడి నీకు ఇంకేం కనపళ్ళా!” అని అరిచింది. తరువాత గొంతు తగ్గించింది. “రెండు చోట్ల చూడమని చిన్నప్పట్నుంచీ నువ్వే కదా చెప్తావు. చూశా. డిస్కులో ఉన్నాడు. మీ ముందుగదిలో పుస్తకం తీసి చూశా, అందులోనూ ఉన్నాడు. మా అమ్మమ్మ సరిచూసిన పుస్తకంలో తప్పెందుకుంటుందిలే అనుకున్నా.”

నేను చేతిలోని బట్టల బుట్ట కింద పెట్టినాను.

“ఇంకా ఎంతమంది ఉన్నారు ఇట్టాంటోళ్ళు?” అని అడిగింది. వేళ్ళ మీద లెక్కపెట్టినాను. ఇంకా పదకొండు. మా బడి లైబ్రరీలోనూ ఇవే పుస్తకాలు, ఎంతమంది ఇళ్ళల్లోనో ఇవే పుస్తకాలు, వాళ్ళకెవరు చెప్తారు అన్నది. సంచిలోంచి మెడల్ తీసి అర్జీ మీద పెట్టింది. “ఇది కూడా పంపించు. నేను స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళను, సభకి వస్తా. ఆయన్నీ అడుగుతా, నిన్నూ అడుగుతా.”

కావున ఐదవ అంశమును ఉపసంహరించుకొనుచున్నాను. మెడల్, 1974 నాటి కార్డు, నా చేతిరాతతో ఆ పదకొండు పేర్ల జాబితా ఇందుతో జతపరచితిని. ఆ పేర్లను ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలియజేయవలెను. ముందు వరుసలో కుర్చీ అక్కరలేదు. గెస్నర్ పక్కనే నన్నూ నిలబెట్టండి.

కాని మొదటి ప్రశ్న మాత్రం ఆయనకే వేయించండి. ఆ మొహం ఒక్కసారి చూసినాక, నా మనవరాలు ఏమి అడిగినా జవాబు చెప్పుకొంటాను.