డొమిటిల్లాకు చదవని ఉత్తరం

మహిళల హాస్టల్,
జూన్ 4, 1996

నా బంగారు సెలోమక్కకి,

నీ ఉల్లిమళ్ళు ఎలా ఉన్నాయి? మడుగు నీళ్ళు ఈ ఏడు కూడా గట్టు దాటాయా? ఇవన్నీ నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నవి కావక్కా. చెప్పవలసింది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అడుగుతున్నాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. నాన్నకు చూపించకు.

నాకు హాస్టల్లో గది ఎలా దొరికిందో నీకు తెలుసు. చూపులేని విద్యార్థులకు పుస్తకాలు చదివిపెట్టే తోటి విద్యార్థులకు ఇక్కడి యూనివర్సిటీ సహాయ కేంద్రం గది ఇస్తుంది. నా వంతుకు వచ్చిన అమ్మాయి డొమిటిల్లా. దేశం పైకొసన నాండొమ్ పక్క పల్లె వాళ్ళది. మూడేళ్ళ వయసులో తట్టు పోసి చూపు పోయింది. ఆ మరుసటేడే తల్లి పోయింది. నాయనమ్మ పెంచింది. అంధుల బడి ఉందని ఎవరో చెబితే, ఆ ముసలామె పిల్లను వీపున కట్టుకుని రెండు రోజులు నడిచి తీసుకెళ్ళి చేర్పించిందట. ఇప్పుడు డొమిటిల్లా చరిత్ర చదువుతోంది. ఇది ఆఖరి సంవత్సరం.

మొదటి రోజు నేను గట్టిగా పాఠం చదువుతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఏమే, నువ్వు సముద్రం ఒడ్డు పిల్లవా?"

"అవును. ఎలా తెలిసింది?"

"అలల మీంచి పిలిచినట్టు అరుస్తున్నావు కదా. తల్లీ, నేను గుడ్డిదాన్నే గానీ చెవిటిదాన్ని కాదు."

అలా మొదలైంది మా స్నేహం. రోజుకు నాలుగు గంటలు చదువుతాను. ఆమె చుక్కల లిపిలో రాసుకుంటుంది. సాయంత్రం ఇద్దరం కలిసి మొక్కజొన్న పిండి కెంకె ముద్ద, వేయించిన చేప తింటాం. ముళ్ళు నేను తీయబోతే చేతి మీద కొడుతుంది. "నా చేప, నా ముల్లు" అంటుంది. ఇంటినుంచి వచ్చే ఉత్తరాలు కూడా నేనే చదువుతాను. ఊళ్ళో చర్చి ఉపదేశి రాస్తాడవి, నాయనమ్మ చెబుతుంటే.

మొన్న శనివారం ఒకటి వచ్చింది. ముందు ఒకసారి మనసులో చదువుకోవడం నాకు అలవాటు, ఆయన చేతిరాత కొక్కిరిబిక్కిరిగా ఉంటుందని. చదివాను. "మీ నాయనమ్మ మంచం పట్టింది. అన్నం ముట్టడం లేదు. పొద్దున లేచింది మొదలు నీ పేరే పిలుస్తోంది. ఎలా ఉన్నదానివి అలా బయలుదేరి రా." అంతే ఉంది అందులో.

ఆ సమయానికి డొమిటిల్లా స్నానానికి వెళ్ళింది. నేను కాగితం పట్టుకుని కేంద్రానికి పరుగెత్తాను. ఒఫొరివా మేడమ్ నీకు తెలియదు. కేంద్రాన్ని చూసుకునేది ఆమే. చెడ్డ మనిషి కాదక్కా. జ్వరం వచ్చిన పిల్లలకు ఇంటినుంచి సూపు వండుకొస్తుంది. ఆమె ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"బుధవారం నుంచి పరీక్షలు. వెళ్ళడానికే రెండు రోజులు పడుతుంది. వెళ్తే ఈ ఏడు ఇక తిరిగి రాదు. వచ్చే ఏడు ఆ స్కాలర్‌షిప్ ఉండదు. పోయినేడు ఒక అబ్బాయిని ఇలాగే పంపాను. మేకలు కాసుకుంటున్నాడు ఇప్పుడు."

"మరి ఏం చెయ్యమంటారు మేడమ్?"

"పరీక్షలయ్యాక చదివి వినిపించు. వాళ్ళు మోయలేనివి మనం మొయ్యాలి. ఈ కేంద్రం ఉన్నదే అందుకు."

గదికి వచ్చేసరికి డొమిటిల్లా తల తుడుచుకుంటూ కూర్చుని ఉంది. "మా ఊరి కాగితం వచ్చిందటగా, వార్డెన్ చెప్పింది. చదువు, చదువు" అంది. ఆ చేతిరాత చూస్తూనే నేను మరో ఉత్తరం చదివాను. వానలు ముందే పడ్డాయి అన్నాను. వేరుశనగ విత్తారు అన్నాను. నాయనమ్మ కులాసా అన్నాను. గినీకోడి వంటింటి కుండలో గుడ్లు పెట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదన్నాను. నా నోట అంత సులువుగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆ కోడి నాకు తెలుసు! నన్నూ పొడిచింది!" అంది.

జవాబు ఆమె చెబితే నేను రాశాను. "నేను వచ్చేలోపు గుడ్లన్నీ నువ్వే తినెయ్యకు నాయనమ్మా" అని రాయించింది. ఆ ఉత్తరాన్ని ఎక్కడో పారేద్దామనుకున్నాను. ఆమె నాతోపాటు పోస్టు డబ్బా దాకా వచ్చి, దాని నోటి మీద చెయ్యి పెట్టి, లోపల పడిన చప్పుడు వినేదాకా కదల్లేదు.

ఇంకొక మాట నీకు మాత్రమే చెబుతున్నాను. మేడమ్ చెప్పింది కాబట్టి చేశానని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ డొమిటిల్లా వెళ్ళిపోతే నా గది కూడా పోతుందన్న ఆలోచన, కేంద్రానికి పరుగెత్తేటప్పుడే నాకు వచ్చింది. మేడమ్ "పరీక్షలయ్యాక" అన్నప్పుడు నా గుండె తేలికపడింది. ఎందుకు తేలికపడిందో నాకు తెలుసు.

నీ చెల్లెలు,
కఫూయి

*

మహిళల హాస్టల్,
జూన్ 24, 1996

సెలోమక్కా,

నువ్వు రాసిన నాలుగు వాక్యాలూ చేరాయి. "ఇప్పుడే వెళ్ళి చెప్పు. ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఇంకో అబద్ధం" అన్నావు. నీ మాట చేరేసరికి మూడు పరీక్షలు అయిపోయాయి. ఇంకా మూడు ఉన్నాయి. ఇన్నాళ్ళు ఆగాను, ఇంకొన్నాళ్ళే కదా అనుకున్నాను. అలా అనుకున్న నాలుగో రోజున, చర్చి నుంచి కేంద్రానికి ఫోన్ వచ్చింది. నాయనమ్మ సోమవారం, పదిహేడో తేదీన పోయింది. మేడమ్ నన్ను పిలిచి చెప్పి, "ఇంకొక్కటే పేపరు ఉంది" అంది. నేను తల ఊపాను. ఆ పేపరు కోసం ఆ పూటంతా గొంతు వణకకుండా చదివాను. చదవగలిగాను అక్కా. అదే నన్ను భయపెడుతోంది.

శనివారం ఆఖరి పరీక్ష అయిపోయింది. డొమిటిల్లా హాలులోంచి వస్తూనే నా భుజం పట్టుకుని గెంతింది. "ఇక నీ గోల వినక్కర్లేదు, సముద్రం పిల్లా! ఎల్లుండి నేను మా ఇంట్లో!" అంది. మేడమ్ రమ్మందని కేంద్రానికి తీసుకెళ్ళాను. బల్ల మీద చల్లటి ఫాంటా సీసా పెట్టి, ఆమె చేతిలో స్ట్రా పెట్టి, మేడమ్ మెల్లగా చెప్పింది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ చెప్పింది.

డొమిటిల్లా ఏడవలేదు.

"ఏ రోజున?" అంది.

మేడమ్ చెప్పింది.

"జబ్బు చేసినట్టు ముందుగా కబురు రాలేదా?"

మేడమ్ ఫాంటా సీసాను ఆమె వైపు జరిపింది. ఆమె ముఖం నెమ్మదిగా నా వైపు తిరిగింది. నేను ఎక్కడ నిలబడ్డానో ఆమెకు ఎప్పుడూ తెలుస్తుంది.

"కఫూయీ, ఆ కాగితం నీ దగ్గర ఉందా?"

"ఉంది."

"చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు. తేదీ దగ్గర్నుంచి."

చదివాను. మే ఇరవై నాలుగు. నేను ఆ కాగితం అందుకున్న శనివారానికి దారి రెండు రోజులు కలిపి, అక్కడినుంచి ఆమె వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి, మళ్ళీ మొదటి చెయ్యి. "నీ చేతికి వచ్చిన రోజే బయలుదేరితే, ఆమెతో పద్నాలుగు రోజులు" అంది.

మేడమ్ ఏడుస్తూ అంది, "అమ్మా, నీ మంచి కోసమే. నీ చదువు..."

"నా చదువు నాదే మేడమ్. మా నాయనమ్మ కూడా నాదే. ఏది వదులుకోవాలో నన్నడగాల్సింది. నాకు కళ్ళు లేవని మీకు తెలుసు. నోరు కూడా లేదనుకున్నారు."

బస్సు స్టాండుకు తోడు వెళ్ళబోతే నా చెయ్యి తోసేసింది. కర్రతో దారి తడుముకుంటూ, వీపున టైపురైటరు సంచీతో, ఒక్కతే వెళ్ళింది. గేటు దగ్గర ఒకసారి కాలువలోకి జారబోయింది. నేను అరవబోయి ఆగిపోయాను. అరిచే హక్కు నాకుందో లేదో తెలియలేదు.

ఆమెకు పెద్ద ఉత్తరం రాశాను. క్షమించమని అడిగాను. గది సంగతి కూడా దాచలేదు. ఆమెకు ఇంకో ఏడాది చదువుంటే బాగుండేది, ఏదో ఒకటి దిద్దుకునేదాన్ని. పాసైతే ఇక్కడే టీచరు శిక్షణలో చేరుతుందట, కానీ నా గొంతు ఆమె మళ్ళీ వినాలనుకోదు. చదివిపెట్టే పని మానేస్తున్నానని మేడమ్‌కు కాగితం ఇచ్చేశాను. గది ఖాళీ చేస్తున్నాను. గది లేకపోతే చదువూ లేదు. వచ్చి నీతోపాటు ఉల్లిమళ్ళకు నీళ్ళు మోస్తాను. నాకు తగిన పని అదే అనిపిస్తోంది.

కఫూయి

*

నాండొమ్ దగ్గర,
జూలై 15, 1996

కఫూయీ,

ఈ ఉత్తరం నేనే టైపు చేస్తున్నాను. తప్పులుంటే ఉంటాయి. దిద్దమని ఎవరికీ ఇవ్వలేదు. నీ ఉత్తరం ఉపదేశి చదివి వినిపించాడు. ఒక వాక్యం దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు. "ఏమైనా వదిలేస్తున్నావా?" అని అడిగాను. "లేదమ్మా" అన్నాడు. నమ్మాలా వద్దా? ఆయనను చిన్నప్పటినుంచి ఎరుగుదును. ఒక్కరోజు కూడా అనుమానించలేదు. ఇప్పుడు ఎవరు కాగితం విప్పినా ఆ చప్పుడు వింటూ అనుమానిస్తున్నాను. నువ్వు నాకు చేసినవాటిలో ఇది మొదటిది.

రెండోది చెబుతాను, కూర్చుని చదువు. మనం రాసిన జవాబు పన్నెండో తేదీన ఇక్కడికి చేరింది. అప్పటికి నాయనమ్మ గింజ ముట్టక చాలా రోజులైంది. ఉత్తరం వచ్చిందనగానే, లేపి కూర్చోబెట్టమందట. ఇంటినిండా జనం. ఉపదేశి మధ్యలో ఆపలేక మొత్తం చదివేశాడు. వానలు ముందే పడి వేరుశనగ విత్తినందుకు సంతోషం అని. గినీకోడి గుడ్లన్నీ నువ్వే తినెయ్యకు అని. నాయనమ్మ పడుకోబెట్టమంది. ఆ తర్వాత అయిదు రోజులు బతికింది. నా పేరు మళ్ళీ పిలవలేదు.

నేను వచ్చేసరికి, చావింట చెక్కపలకల మీద వాయించే గీల్ వాద్యం ఆగిపోయి నాలుగు రోజులైంది. మా దగ్గర చనిపోయినవాళ్ళను ఇంటి ముందు ఎత్తుగా కూర్చోబెడతారు, అందరూ వచ్చి చూస్తారు. నేను చూడలేనని నువ్వు అనుకుని ఉంటావు. అప్పుడు వచ్చి ఉంటే నేను ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని. మూడు రోజులు ఆ చెక్కపలకల మోత వినేదాన్ని, అందులో ఆమె పేరు వినేదాన్ని. బాగా దగ్గరివాళ్ళ నడుముకు తాడు కట్టి ఒకరు పట్టుకుంటారు, దుఃఖంలో పరుగెత్తి ఏమైనా చేసుకుంటారని. నాకు ఎవరూ తాడు కట్టలేదు. గుమ్మంలో అడుగు పెడితే మా పెద్దనాన్న అన్న మొదటి మాట, "గుడ్ల కోసం వచ్చావా?" అని.

ఆ ఉత్తరం నా తప్పు కాదని చెప్పాను. నాకు వేరే ఉత్తరం చదివారని చెప్పాను. మా మేనత్త, "చదువుకున్నవాళ్ళు అలా ఎందుకు చేస్తారే? నువ్వే రాకూడదనుకుని కథలు చెబుతున్నావు" అంది. సగం ఊరు అదే అనుకుంటోంది. మీ మేడమ్ మంచి కోసమే చేశానంటుంది. నువ్వు గది కోసం కూడా చేశానంటున్నావు. ఆ గది సంగతి నువ్వు రాశావు కాబట్టే మిగతా ఉత్తరం నమ్మాను. మంచి కోసం చేశానని మాత్రమే రాసి ఉంటే చింపేసేదాన్ని.

పరీక్ష ఫలితాలు వచ్చాయట, నేను పాసయ్యాను. మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట విని సంతోషించాను కఫూయీ. అలా సంతోషించినందుకు ఆ రోజంతా నా మీద నాకే అసహ్యం వేసింది. అది కూడా నీకు తెలియాలి.

నువ్వు చదివిపెట్టే పని మానేశావని మేడమ్ చెప్పింది. ఉల్లిమళ్ళకు నీళ్ళు మోస్తావట. మోసి ఏం చేస్తావు? నీ స్థానంలో ఇంకో అమ్మాయి వస్తుంది. మేడమ్ ఆమెకు కూడా అదే నేర్పుతుంది. నేను కేంద్రానికి రాశాను. మా చేతికి వచ్చే కాగితం ఏదైనా, మా ముందే విప్పాలి, మొదటి అక్షరం నుంచి సంతకం దాకా చదవాలి, ముందుగా ఇంకెవరికీ చూపకూడదు అని. మిగతా పదకొండు మంది చూపులేని విద్యార్థులూ వేలిముద్రలు వేస్తారు. అది జరిగేదాకా నేను ఊరుకోను. ఆ నియమం ప్రకారం మొదట చదవాల్సింది నువ్వే. అబద్ధం ఎంత సులువుగా వస్తుందో తెలిసినదానివి నువ్వే కాబట్టి. అక్టోబరులో టీచరు శిక్షణకు వస్తున్నాను. మానేసిన కాగితం వెనక్కు తీసుకో.

అంతకన్నా ముందు ఇంకొకటుంది. మనిషి పోయిన కొన్నాళ్ళకు ఇక్కడ ఆఖరి కర్మ చేస్తారు. మామూలుగా కోతలయ్యాక. పెద్దనాన్న నా చదువు కోసం సెప్టెంబరు చివరికి ఒప్పుకున్నాడు. నువ్వు రావాలి. పెద్దల ముందు నిలబడి, వచ్చిన ఉత్తరంలో ఏముందో, నువ్వు నాకు ఏం చదివావో, నీ నోటితో చెప్పాలి. నువ్వు చెప్పిన ప్రతి మాటా నేనే మా భాషలోకి మార్చి చెబుతాను, ఒక్క మాట కూడా వదలకుండా. వాళ్ళు నిన్ను తిడతారు. మా మేనత్త చెయ్యి కూడా చేసుకోవచ్చు. నేను అడ్డం రాను.

క్షమించానని రాయమని ఉపదేశి రెండుసార్లు చెప్పాడు. ఆ మాట నా దగ్గర ఇప్పుడు లేదు. ఎప్పటికైనా వస్తుందో లేదో కూడా తెలియదు.

బస్సు నాండొమ్ సంత దగ్గర ఆగుతుంది. ఏ రోజు వస్తావో రాయి. నేను వచ్చి నిలబడతాను. నువ్వు దిగగానే మాట్లాడు, ఏ పక్కనున్నావో నాకు తెలియాలి.

డొమిటిల్లా