గీజర్‌కి బిరడా

నవంబర్ 3
మామగారు ఇంటికి కొత్త ప్రెషర్ పంపు పెట్టించారు. షవర్ తిప్పితే నీళ్లు చెంప వాయిస్తున్నాయి. పక్కింటివాళ్లను కూడా పిలిచి చూపించారు.

నవంబర్ 5
గీజర్ స్విచ్ వేసినంతసేపూ దాని కింద ఉన్న సన్న గొట్టంలోంచి చుక్కలు. టప్పు టప్పు. నీళ్లు వృథా అని మామగారు ఒకటే గోల.

నవంబర్ 8, ఉదయం 7:10
చుక్కలు ఆగాయి. పాపకి తల రుద్దుతూ పైకి చూశాను. గొట్టానికి సీసా బిరడా బిగించి, మీద టేపు చుట్టి ఉంది. మామగారి పనితనం.
గీజర్‌తో వచ్చిన పుస్తకం వెతికి చదివాను. లోపల ప్రెషర్ పెరిగితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీళ్లు బయటికి పోవడానికే ఆ గొట్టం. మూయకూడదని ఎర్ర అక్షరాల్లో ఉంది. మూస్తే ట్యాంకు పగలొచ్చట. దాని కిందే నా ఆరేళ్ల పిల్ల కూర్చుని పాటలు పాడుకుంటూ స్నానం చేస్తుంది.

అదే రోజు, 9 గంటలు
బిరడా పీకేశాను. ముప్పై ఏళ్లు మిషన్లు నడిపిన మనిషికి నువ్వు నేర్పుతావా అన్నారు మామగారు. కుక్కర్ విజిల్‌కి బిరడా పెడతారా మామయ్యా అని అడిగాను. నాన్నకి ఎదురు చెప్పొద్దని మా ఆయన గదిలోకొచ్చి గొణిగాడు. చెప్తాను. పూటకోసారి చెప్తాను.

నవంబర్ 10
బిరడా మళ్లీ ఎక్కింది. గీజర్ ఫ్యూజు పీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పోయాను.

నవంబర్ 12
మూడు రోజులుగా అందరికీ చన్నీళ్లే. అత్తయ్య నన్ను మొండిఘటం అంది. అవును, మొండిదాన్నే. మామగారు స్నానమే మానేశారు.
ప్లంబర్‌ని నేనే పిలిచాను. చాలామంది ఇలాగే మూస్తారు, ఏం కాదమ్మా అని నవ్వాడు. ఒళ్లు మండింది. ముందు నీళ్ల పైపుకి ప్రెషర్ మీటరు పెట్టి చూడమన్నాను. ముల్లు ఏడు దగ్గర ఆగింది. గీజర్‌లోకి వచ్చే నీళ్ల ప్రెషర్ నాలుగు దాటకూడదని పుస్తకంలో ఉంది. అతని నవ్వు పోయింది. మామగారు కళ్లజోడు తెచ్చుకుని ముల్లు చూశారు. తుడుచుకుని మళ్లీ చూశారు.

నవంబర్ 13
గీజర్‌లోకి నీళ్లు వెళ్లే పైపుకి ప్రెషర్ తగ్గించే వాల్వ్ వేయించాను. దగ్గరుండి మూడుకి తిప్పించాను. బిరడా తీసేసి, ఫ్యూజు పెట్టేశాను. వేడెక్కుతుంటే గొట్టంలోంచి అప్పుడొకటి ఇప్పుడొకటి చుక్క. పడనీ.
షవర్ జోరు తగ్గిందని మా ఆయన సణిగాడు. జోరు కావాలంటే పోయి వానలో నిలబడమన్నాను. బిరడాని మాత్రం పారేయలేదు. భోజనాల బల్ల మీద, మామగారి కుర్చీకి ఎదురుగా పెట్టాను.

నవంబర్ 20, ఉదయం 6:05
మామగారు మా తలుపు బాదారు. చేతిలో టార్చి. చుక్క పడటం లేదట. వాల్వ్ పట్టేసిందేమోనట. పాపని అప్పుడే లోపలికి పంపొద్దట.
స్విచ్ వేయలేదు మామయ్యా, అన్నాను.