ఏటి అవతలి ఓటు

అక్కా,

నీ ఆరోగ్యం, పిల్లల చదువులు అడిగి మొదలుపెట్టాల్సిన ఉత్తరం ఇది. ఈ పూట ఆ ఓపిక లేదు, ఏమనుకోకు. నిన్న బావ ఎన్నికల ప్రచారానికని ఏరు దాటి మా ఒడ్డుకి వచ్చాడు. ఆ ముచ్చట నీకు నవ్వుతూ చెప్పే ఉంటాడు. నేను చూసింది కూడా విను.

సభ మా పశువుల ఆసుపత్రి ముందే పెట్టారు. ఆవుల్ని కదలకుండా నిలబెట్టి సూది వేసే కొయ్య చట్రానికే మైకు కట్టారు. రోడ్లూ పంపులూ అన్నీ చెప్పి బావ దండం పెట్టబోతుంటే బుట్టలవ్వ లేచింది. వెదురుబుట్టలు అల్లే ముసలావిడ. నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. మా పోలింగ్ బూత్ మా ఒడ్డుకి ఎప్పుడు తెస్తావు బాబూ అని అడిగింది.

"నీ ఓటు ఎలాగూ నాదే కదవ్వా. అంత కష్టపడి వెయ్యడం దేనికి?" అన్నాడు బావ.

చుట్టూ ఉన్న ఆయన మనుషులు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నావైపు చెయ్యి చూపించి, సొంత మరదల్నే మీ మధ్య ఉంచాను, నా ప్రేమకి ఇంకేం రుజువు కావాలి అన్నాడు. నన్ను ఆయన ఉంచడమేమిటక్కా? ఎవరూ రామన్న ఈ ఒడ్డుకి కోరి మరీ డాక్టరు పోస్టింగు వేయించుకున్నాను. అవ్వ కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ నియోజకవర్గం కథ నాకు చెప్పింది బావే. నీ పెళ్ళైన కొత్తలో, అన్నం ముందు కూర్చుని చెయ్యి ఎండిపోయేదాకా చెప్పేవాడు. మొదటి ఎన్నికల్లో కాలినడకన ఊరూరా తిరిగిన వడ్రంగి గెలిచాడు. అప్పుడు బూత్ మా ఒడ్డు బడిలోనే ఉండేది. అవ్వ తొలి ఓటు అక్కడే వేసింది. తర్వాత మిల్లు యజమాని వచ్చాడు. మా ఒడ్డు తనకి ఓటెయ్యలేదని తెలిసి, బడి గోడ కూలేలా ఉందని చెప్పించి, బూత్‌ని పట్నం ఒడ్డుకి మార్పించాడు. ఆ గోడ ఇప్పటికీ కూలలేదు. ఆయన తర్వాత ఆయన కొడుకు. పోలింగ్ నాడు ఉన్న ఒక్క పడవనీ ఎన్నికల పనికని పట్టుకుపోయే అలవాటు ఆ కొడుకుది. చుట్టుదారిన నడిస్తే పొద్దుగూకుతుంది. ఇంక ఓటెక్కడిది?

ఆ తండ్రీకొడుకుల్ని తిట్టిపోసి, బూత్ తెస్తానని ఒట్టేసి గెలిచినవాడు మన బావ. గెలిచాక మళ్ళీ గెలిచాడు. బూత్ రాలేదు. ఇప్పుడు పడవని పట్టుకుపోయేది ఆయన మనుషులే. మిల్లు వాళ్ళ మీద నాకింత కోపం లేదు, వాళ్ళు ఒట్టు వెయ్యలేదు.

ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. నామినేషన్ వేస్తున్నాను, బావ మీదే. బూత్ గురించి ఎన్నికల అధికారికి ఫిర్యాదు కూడా పెట్టాను. గేదెల వాళ్ళకి చెబితే, గొడ్ల మాటే అర్థమయ్యే డాక్టరమ్మకి మా మాట అర్థం కాదా అని నవ్వారు. నువ్వు మాత్రం నవ్వవని తెలుసు. తిడితే తిట్టు. ఆగమని మాత్రం అడక్కు.

నీ చెల్లి

*

చెల్లీ,

నీ ఉత్తరం చదివి చింపేశాను. ఇంటి పరువు బజారున పడేశావని పనమ్మాయి ముందే నిన్ను తిట్టాను. మీ బావ భోజనం మానేసి గదిలో కూర్చున్నారు. ఎవరి పక్క నిలబడను చెప్పు? వేరే ఎవరూ దొరకలేదా నీకు, నా మొగుడే దొరికాడా? ఈ కోపం ఇంకా పోలేదు. ముందు అది తెలుసుకో.

నీ ఫిర్యాదు మీద విచారణ జరిగిన రోజున నువ్వు నన్ను చూసి తల తిప్పుకున్నావు. నేను ఎందుకొచ్చాననుకున్నావు? మీ బావ రమ్మన్నారు. భార్య పక్కన కూర్చుంటే ఇదంతా మరదలి అలకలాగా కనిపిస్తుందని వాళ్ళ పార్టీవాళ్ళు చెప్పారట. మంచి చీర కట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. బూత్ కావాలని అవతలి ఒడ్డు వాళ్ళు మిమ్మల్ని ఎప్పుడైనా అడిగారా అని ఆ అధికారి అడిగారు. ఎన్నడూ అడగలేదండీ, వాళ్ళకే అక్కర్లేదు అన్నారు మీ బావ. తడుముకోకుండా అన్నారు. వెనక నిలబడ్డ అవ్వ ఆయన్నే చూస్తోంది.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"అడిగారండీ. మా వరండాలో కూర్చునే అడిగారు. మంచినీళ్ళిచ్చింది నేనే" అన్నాను.

అధికారి ఆ మాట రాసుకోవడం నువ్వూ చూశావు. నువ్వు చూడనిది కారులో జరిగింది. నా పరువు తీశావు అన్నారు. నేను నీళ్ళిచ్చిన మనుషుల్ని లేరన్నారు మీరు, మరి నా పరువో అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి నేను ఎదురు చెప్పడం అదే మొదలు. మర్నాడు ఒక్కరే పడవెక్కి మీ ఒడ్డుకి వెళ్ళారని డ్రైవరు చెప్పాడు. ఎందుకో నాకు చెప్పలేదు.

నీ మీద కోపంతోనే,
అక్క

*

అక్కా,

బూత్ వచ్చింది. ఆ పాత బడిలోనే పెట్టారు. పోలింగ్ నాడు తెల్లవారకముందే వరస ఏటి గట్టు దాకా సాగింది. కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఎండ ముదిరినా ఒక్కరూ కదల్లేదు. బుట్టలవ్వ అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, వేలి మీద సిరా ఆరకుండానే బయటికొచ్చి, ఆ చెయ్యి ఎవరికీ తగలకుండా ఎత్తిపట్టుకుని ఇంటికి నడిచింది. నేను గోడ చాటుకి వెళ్ళి ఏడ్చాను.

ఫలితం నీకు తెలుసు. బావ గెలిచాడు. నేను చాలా వెనకపడ్డాను. సరే, పట్నం ఒడ్డు నన్నెరగదని సర్దిచెప్పుకున్నాను. కానీ మా ఒడ్డులో కూడా సగానికి సగం ఆయనకే పడ్డాయి. ఎవరి కోసం ఉద్యోగం వదిలాను, ఎవరి కోసం నిన్ను నీ ఇంట్లోనే పరాయిదాన్ని చేశాను అని రగిలిపోయి అవ్వ గుడిసెకి వెళ్ళాను. ఎవరికి వేశావని అడక్కూడదు. అడిగాను.

"మీ బావకే" అంది, వెదురు చీలుస్తూ.

ఎందుకని అడిగాను. అప్పుడు చెప్పింది. విచారణ మర్నాడు బావ వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడ్డాడట. ఓటు అడగలేదట. అబద్ధం చెప్పానవ్వా అని తల దించుకుని వెళ్ళిపోయాడట. తనని లెక్కలోకి తీసుకోని వాడిని ఒక్క తలవంపుకే క్షమించేసిందని నాకు పట్టరాని కోపం వచ్చింది. బూత్ కోసం పోరాడింది నేను కదా అన్నాను. అవ్వ కత్తి పక్కన పెట్టి నావంక చూసింది.

"నీకు వెయ్యడానికా తల్లీ బూత్ అడిగాం? మాకు నచ్చినట్టు వేసుకోడానికి."

బావ సభలో నవ్వి అన్న మాటే వేరే దారిన నేనూ అనుకున్నానని అప్పుడు తెలిసింది. వీళ్ళ ఓటు ఎలాగూ నాదే అని. సిగ్గేసింది. కోపం మాత్రం పోలేదు, పోకూడదు కూడా. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ గొడ్ల దగ్గరికి పిలుస్తున్నారు. ఇక్కడే ఉంటాను. నీకు ఆ ఇంట్లో ఊపిరాడకపోతే వచ్చెయ్, మంచం ఉంది.

బావకి ఒక కబురు చెప్పు. నాది కాదు, అవ్వది. ఈసారి ఆయన సిగ్గు చూసి వేసిందట. వచ్చేసారి పని చూసి వేస్తుందట.

నీ చెల్లి