సుజాత కాళ్లు

మంగళవారం, రేపల్లె

ఇవాళ సుజాతని తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్లాను. కీమో మొదలైనప్పటి నుంచీ తన అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయి. అది నరాల నొప్పనీ, మామూలు నొప్పి బిళ్లలకు లొంగదనీ చెప్పి డాక్టరమ్మ వేరే బిళ్ల రాసింది.

"ఎప్పుడు ఎక్కువవుతుందమ్మా?" అని అడిగింది.

సుజాత నా వైపు చూసి తల దించుకుంది. "కాళ్లు పట్టినప్పుడండి."

పట్టేది నేనే. రెండు నెలలుగా రోజూ అన్నాలయ్యాక నూనె రాసి, బలంగా పడుతున్నాను. తను కళ్లు గట్టిగా మూసుకుంటే హాయిగా ఉందనుకున్నాను.

తిరుగు రైల్లో అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"చెబితే మానేసేవారు. ఇన్నేళ్లలో మీరు నా పక్కన కూర్చుంది అప్పుడే కదండీ."

ఇంకా ఏమేం చెప్పకుండా ఓర్చుకుందో.

కొత్త బిళ్ల పనిచేయడానికి కొన్ని రోజులు పడతాయట. పూర్తిగా తగ్గుతుందని మాత్రం డాక్టరమ్మ అనలేదు.

ఇందాక బిళ్ల వేసుకున్నాక సుజాత దుప్పట్లోంచి కాళ్లు బయటపెట్టి, "కాసేపు పట్టండి, ఫర్వాలేదు," అంది. వద్దన్నాను. పక్కన ఊరికే కూర్చుంటానన్నాను.

"ఊరికే కూర్చుంటారా?" అంది.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.