తెల్లగానే ఉన్న కడియం

నందికొట్కూరు, శుక్రవారం

అమ్మకు నాగక్క దండాలు. అందరం ప్రాణాలతోనే ఉన్నాం. ముందు ఆ మాట విని, కంగారుపడకుండా మిగతాది నాయనతో చదివించుకో.

సోమవారం వాన వెలిశాక పేడదిబ్బ పక్క గడ్డిలో తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. ఒడినిండా కోసుకొచ్చి, నువ్వు చేసినట్టే కూరలో నేను కాపురానికొచ్చేటప్పుడు నువ్విచ్చిన వెండి కడియం వేసి ఉడికించాను. విషముంటే నల్లబడాలి కదా, నల్లబడలేదు. మా అత్త కూడా చూసి, "తెల్లగానే ఉండాది కదే, వడ్డించు" అంది. రెండు గంటలు తిరక్కుండా అత్తా, నీ అల్లుడూ వాంతులతో పడిపోయారు. నేనింకా తినలేదు కాబట్టి మిగిలాను. బండి కట్టించి ఆసుపత్రికి తెచ్చాను. "వెండి చూసి విషం చెప్పొచ్చని నీకెవరు చెప్పినారమ్మా?" అని డాక్టరు అడిగాడు.

ఆసుపత్రి అరుగు మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. నువ్వు చెదపుట్ట మీద పుట్టగొడుగు చుట్టూ పుల్లతో తవ్వి, లోపలికి పొడుగాటి వేరు దిగి ఉంటేనే తీసేదానివి. వేరు లేనిది ఇంటికే తెచ్చేదానివి కాదు. కడియం ఆ తర్వాతి మాట. నేను పొయ్యి దగ్గరే కూర్చుని కడియం ఒక్కటే నేర్చుకున్నాను.

నీ అల్లుడు లేచి తిరుగుతున్నాడు, అత్త గంజి తాగుతోంది. ఎర్రావు ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే రెండు శేర్లు ఉలవలు పంపు. నాయనకు దండాలు. వచ్చే నెల చెల్లెలు కాపురానికి పోయేటప్పుడు దానికీ ఒక కడియం ఇస్తే ఇద్దువు గానీ, ముందు దాన్ని పుట్ట దగ్గరికి తీసుకుపోయి చేతికి పుల్ల ఇవ్వు.